ఏరియా క్లియర్ శ్రీశైలం

అమీన్‌పూర్ చెరువు నుంచి పటాన్‌చెరు చౌరస్తా దాకా ఎన్ని లక్షల మంది ఉన్నా, బటన్ నొక్కే ముందు లోకం అనుమతి తీసుకునే మనిషి మాత్రం ఒక్కడే. ఆయన కిష్టారెడ్డిపేట శ్రీశైలం. కాలింగ్ బెల్ అయినా, గీజర్ అయినా, లిఫ్ట్ అయినా సరే, ఆయన వేలు బటన్ మీద పడాలంటే ముందు గొంతు సవరించుకుని "ఏరియా క్లియర్?" అని అరవాలి. ఎవరో ఒకరు "క్లియర్!" అనాలి. అనకపోతే నొక్కడు. ఒకసారి లిఫ్టులో ఒంటరిగా ఎక్కి, జవాబిచ్చే దిక్కులేక, పైఅంతస్తు వాళ్లు కూరగాయలకు దిగేదాకా అందులోనే అటెన్షన్‌లో నిలబడ్డాడని వాచ్‌మన్ రాములు ప్రమాణం చేసి చెబుతాడు. రాములు చెప్పేవాటిలో సగం అబద్ధాలు. ఇది ఏ సగంలోదో మీరే తేల్చుకోండి.

ఈ జబ్బు ఆయనకు పుట్టుకతో రాలేదు. పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే ఒక కంపెనీలో ఆయన కంట్రోల్ రూమ్ ఆపరేటర్. గోడ నిండా బటన్లు. అందులో ఒకటి తప్పు నొక్కితే షెడ్డు రేకులు ముత్తంగిలో ఏరుకోవాలి. అందుకే కేక వేయనిదే అక్కడ ఎవరూ దేన్నీ ముట్టుకోరు. ఆయన ఒకే ఒక్కసారి ఎమర్జెన్సీ బటన్ నొక్కితే, ఆ సైరన్‌ను మధ్యాహ్నం కూత అనుకుని హత్నూరలో రైతులు బోర్లు బంద్ చేసుకుని ఇంటికి పోయి అన్నం తిన్నారట. అప్పటికి పొద్దున పదైనా కాలేదట.

కంపెనీ ఆయన్ని రిటైర్ చేసింది. ఆయన మాత్రం కంపెనీని రిటైర్ చేయలేదు. దాన్ని మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. మిక్సీకి నూనె వేస్తే దాని మెడలో "నడపరాదు" అని ఎర్ర అట్ట వేలాడదీస్తాడు. అట్ట కట్టినవాడే విప్పాలన్నది అక్కడి చట్టం. అలా కట్టి, మర్చిపోయి, జహీరాబాద్ పెళ్లికి పోతే, భార్య అన్నపూర్ణ ఆయన తిరిగొచ్చేదాకా పచ్చడి రోట్లో రుబ్బింది. కొత్తిమీర కోసం సందు చివరికి పోవాలన్నా గుమ్మంలో ఆగి భార్యకు డ్యూటీ అప్పగిస్తాడు.

"ఫ్రిజ్ రన్నింగ్. గీజర్ ఆఫ్. నల్లా బంద్. చార్జ్ తీసుకున్నవా?"

"తీసుకున్న గానీ, ఇగ పోవయ్యా! పప్పు ఉడికిపాయె!"

"తీసుకున్న అని గట్టిగ చెప్పు."

"తీసుకున్నాఆ!" అని అన్నపూర్ణ అరిస్తే మూడంతస్తుల వాళ్లకు శ్రీశైలం కొత్తిమీరకు బయలుదేరాడని తెలిసేది.

ఇలాంటి ఇంటికి హోమ్ థియేటర్ వచ్చింది.

తెచ్చింది కూతురు మహిత. హైటెక్ సిటీలో ఉద్యోగం, చేతిలో బోనస్. పైగా ఆ అపార్ట్‌మెంట్లో హోమ్ థియేటర్ లేని ఇల్లంటే గడప లేని ఇంటి కింద లెక్క. ఆ అపార్ట్‌మెంట్ పేరు లేక్ వ్యూ. చెరువు కనబడాలంటే వాటర్ ట్యాంకు ఎక్కి, దాని మీద కుర్చీ వేసుకుని, బొటనవేళ్ల మీద లేవాలి. హాల్లో మూలలు నాలుగు, డబ్బాలో స్పీకర్లు ఐదు. ఐదోది ప్రతి ఇంట్లోనూ దేవుడి గూటి పక్కనే చేరింది. రెండో అంతస్తులో ఒకాయన పెద్ద స్పీకరు మీద మూడేళ్లుగా బనియన్లు ఆరేస్తున్నాడు. ఎందుకంటే టీవీకొక రిమోటు, సెట్‌టాప్ బాక్సుకొకటి, హోమ్ థియేటర్‌కొకటి. మూడింటినీ సరైన వరుసలో నొక్కి బొమ్మనూ మాటనూ ఒకేసారి తెప్పించిన మగాడు లేక్ వ్యూలో ఇంతవరకు పుట్టలేదు. ఆడవాళ్లను ఎవరూ నొక్కనివ్వలేదు.

"ఒక ప్లాంటుకు మూడు ప్యానెల్లా? ముగ్గురు డ్రైవర్లున్న ఆటో లెక్క!" అని శ్రీశైలం యూనివర్సల్ రిమోట్ కొనుక్కొచ్చాడు. అన్నిటికీ ఒకటే రిమోట్.

ఆ సెట్టింగ్ వైభోగం చూడాల్సిందే. బల్ల మీద తెల్లగుడ్డ. కంపెనీ కళ్లద్దాలు, చేతులకు గ్లౌజులు.

"ఏందయ్యా, దాంట్లకెళ్లి యాసిడ్ చిమ్ముతదా?" అంది అన్నపూర్ణ.

"రూల్ రూలే."

పాత రిమోటునూ కొత్త రిమోటునూ మూతీ మూతీ ఆనించి పడుకోబెట్టాడు. పాతదాని బటన్ ఒకటి నొక్కితే, ఎదుటిది దాన్ని చూసి నేర్చుకుంటుంది. ప్రతి బటన్‌కూ "ఏరియా క్లియర్?" అని ఆయన, వంటింట్లోంచి "క్లియర్!" అని ఆమె. ఆ వారం అన్నపూర్ణ చేసిన ఏ కూరలోనూ ఉప్పు సరిగ్గా పడలేదు. మధ్యలో ఎదురింటి కమాలుద్దీన్ తన ఇంటి రిమోటు కూడా పట్టుకొచ్చాడు.

"శ్రీశైలం భాయ్, తెమ్మన్నవ్ తెచ్చిన. మా రిమోట్‌తోని నీకేం పని?"

"కాలిబ్రేషన్."

కమాలుద్దీన్ మరో మాట అడగలేదు. అతనూ అదే కంట్రోల్ రూమ్ మనిషి. శ్రీశైలం షిఫ్టు దిగేటప్పుడు ఎక్కే రిలీవర్. 'కాలిబ్రేషన్' అన్నాక మళ్లీ ప్రశ్న వేయకూడదని ముప్పై ఏళ్ల అలవాటు. ఇప్పుడు ఇంకో ఫ్యాక్టరీ గోదాంలో మధ్యాహ్నం డ్యూటీ చేస్తున్నాడు.

రిమోట్ తయారైంది. పైవరుసలో నాలుగు రంగు బటన్లు. ఏ రంగు నొక్కితే ఆ యంత్రానికే రిమోట్ మాట చేరుతుంది. ఎరుపు టీవీ, పచ్చ సెట్‌టాప్, పసుపు హోమ్ థియేటర్. నీలం మీద మాత్రం ఎర్రటేపు.

"ఆ నీలంది ఏందయ్యా?"

"డేంజర్ జోన్. ముట్టద్దు."

నీలం సంగతి అలా ఉంచండి, అన్నపూర్ణను ఏ రంగూ ముట్టనివ్వలేదు. రిమోట్ ఆయన చొక్కా జేబులోనే తిరిగేది. స్నానానికి పోయేటప్పుడు దానికి అట్ట కట్టేవాడు. ఇంకో వింత అలవాటు కూడా మొదలైంది. రోజూ చాయ్ వేళకు వంటింటి కిటికీ దగ్గరికి పోయి, ఖైరతాబాద్ చౌరస్తా విగ్రహంలా చెయ్యి చాచి నిలబడేవాడు.

"అక్కడేం జేస్తున్నవ్?"

"సిగ్నల్ టెస్టింగ్."

పావురాలను ఆఫ్ చేయడానికి ప్రయత్నిస్తున్నాడని అపార్ట్‌మెంట్ అంతా నవ్వుకుంది.

ఆ కిటికీకి ఎదురుగా పక్క బిల్డింగ్‌లో కమాలుద్దీన్ ఇల్లు. మధ్య సందు ఎంతంటే, రెండు పావురాలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. అన్నపూర్ణ, తాను అక్క వరస కలిపి 'ఆపా' అని పిలిచే కమాలుద్దీన్ భార్య అక్తరీ బేగం ఆ కిటికీల్లోంచే రోజూ కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. అన్నపూర్ణకు ఒళ్లు మండేది కూడా అక్కడే.

"అన్నపూర్ణా, మా టీవీ ఎంత సమజ్‌దార్ అనుకున్నవ్!" అనేది అక్తరీ బేగం. "ఈ వార్తలు చాలు బాబా అంటే సీరియల్ పెడ్తది. ఆవాజ్ తక్కువుంది అంటే పెంచుతది. మస్జిద్ల అజాఁ అయితే చాలు, దానికదే చుప్ అయిపోతది. నమాజీ టీవీ!"

"నీ నసీబ్ మంచిగున్నది ఆపా. నీ టీవీ నీ మాట వింటది. మా టీవీ దగ్గరికి పోవాల్నంటే గేట్ పాస్ కావాలె."

నవ్వుతూనే అనేది గానీ, లోపల గుచ్చుకునేది. తన ఇల్లు, తన కూతురు కొన్న టీవీ. దాన్ని తన వేలితో ఒక్కసారి పెట్టుకునే యోగం లేదు. ఆ సంగతి హత్నూరలో ఉన్న అక్క బక్కమ్మ దాకా పోయి, ఫోన్ మోగింది.

"ఏం చెల్లె, పెద్ద డబ్బా తెచ్చిన్రట. దానికి మొక్కుడే తప్ప ముట్టుడు లేదట?"

అన్నపూర్ణకు రోషం పొడుచుకొచ్చింది. "ఐతారం రా అక్కా. నీ బోనాల వీడియో తే. నా చేతులతోని నేనే పెడ్తా. పెట్టకపోతే నా పేరు అన్నపూర్ణ కాదు."

ఊళ్లో ఆ ఏడు ముందు బోనం ఎత్తింది బక్కమ్మే. ఆ వీడియో ఆమె ఇంతవరకు అరచేయంత ఫోన్‌లో తప్ప చూసుకోలేదు.

ఆదివారం బక్కమ్మ దిగింది. ఒక చేతిలో సంచి నిండా సీతాఫలాలు, ఇంకో చేతిలో పసుపుగుడ్డలో మూటకట్టిన పెన్‌డ్రైవ్. శ్రీశైలం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పెన్‌డ్రైవ్‌ను టీవీకి తగిలించి, కళ్లద్దాలు తొడిగి, రిమోట్ ఎత్తాడు.

"వదినె, కాళ్లు లోపలికి అనుకో. ఏరియా క్లియర్?"

"ఏం క్లియరో ఏమో మరిదీ, నా మోకాళ్లు గుంజుతున్నయ్, జల్దీ పెట్టు!"

"అట్ల కాదు. క్లియర్ అనాలె."

ఇంతలో రాములు పరుగెత్తుకొచ్చాడు. "సార్, నీళ్ల మోటర్ గుర్రుగుర్రుమంటుంది, ఎక్కుతలేదు!"

మోటారు గుర్రుమంటోందంటే శ్రీశైలం సొంత పెళ్లి పీటల మీంచైనా లేస్తాడు. రిమోట్‌కు ఎర్ర అట్ట కట్టి, "నేనొచ్చేదాకా నడపరాదు" అని మెట్లు దిగాడు.

అన్నపూర్ణ అట్ట వైపు చూసింది. అక్క వైపు చూసింది. బక్కమ్మ ఒక కనుబొమ్మ ఎత్తింది. అంతే, అట్ట తెగి సోఫా కింద పడింది.

పవర్ నొక్కింది. టీవీ నల్లగానే ఉంది. మళ్లీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. సౌండ్ నొక్కింది, చానెల్ నొక్కింది, ఎర్రటేపు పీకి నీలం కూడా నొక్కింది. టీవీ మొహం మాడ్చుకునే ఉంది.

మంచినీళ్లకని వంటింట్లోకి పోయిన బక్కమ్మ కిటికీ దగ్గర ఆగిపోయింది. ఆమె వెంట వంటింటి గుమ్మం దాకా వచ్చిన అన్నపూర్ణ ఇంకా నొక్కుతూనే ఉంది.

"చెల్లె, జెర మళ్ల ఒత్తు."

"ఎందుకే?"

"ఒత్తు గానీ... ఆ! ఇంకోపారి! ఓ యమ్మో, నువ్వు ఒత్తినప్పుడల్లా ఎదురింటి టీవీ ఎగురుతుందే!"

అన్నపూర్ణ రిమోట్ పట్టుకునే కిటికీకి ఉరికింది. సందుకు అవతల అక్తరీ బేగం టీవీలో కుస్తీ, కుస్తీ తర్వాత కేకు, కేకు తర్వాత మళ్లీ కుస్తీ. సౌండు మాత్రం సంగారెడ్డి దాకా. "అరె తౌబా! దీనికి జిన్ను పట్టిందా!" అని బేగం కుర్చీలోంచి అరుస్తోంది. ఒళ్లో రిమోట్ ఉంది. పిడికిట్లో పట్టిన చెంచా కాడతో దాని బటన్ మీద పొడుస్తోంది. వేళ్లు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి, ఒక్కటీ విడిగా లేవడం లేదు.

రోజూ కిటికీలో మాట్లాడుకుంటున్నా, ఆ చేతులు ఎప్పుడూ కొంగు చాటునే ఉంటాయని అన్నపూర్ణకు అప్పుడు తట్టింది.

శ్రీశైలం మోటారు గ్రీజుతో తిరిగొచ్చేసరికి అక్కాచెల్లెళ్లు గుమ్మంలోనే కాపు కాసి ఉన్నారు.

"నీ డేంజర్ జోన్ ఏందో తెలిసింది," అంది అన్నపూర్ణ.

ఆయన ముందు తెగిన అట్ట కోసం చూశాడు. తర్వాత నీలం బటన్ చూశాడు. తర్వాత చూడటానికి ఏమీ మిగల్లేదు.

"రిటైరైన కొత్తల కిటికీలకెళ్లి చూసిన," అన్నాడు నెమ్మదిగా. "కీళ్లవాతం. ఆ చెంచాతోని పొడుస్తుంటే బటన్ పడదాయె. వార్తలే చూసుకుంట కూసుంటది పాపం. అడుగుతదా అంటే, ఆమె ఎవరినీ అడగదు. ఇంత ముదిరిందని కమాల్‌కు తెలిస్తే డ్యూటీ బంద్ పెట్టి ఇంట్ల కూసుంటడు. ఆమెకు అదే భయం."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అయ్యో ఆపా, నీ చేతులు అనంటవ్. ఆమె ఆ కిటికీ మూస్తది."

అన్నపూర్ణ కోపంగా నోరు తెరిచింది. అక్క వైపు తిరిగింది.

"నిజమే చెల్లె, అంటవ్," అంది బక్కమ్మ.

"ముప్పై ఏండ్లు నా రిలీవర్," అన్నాడు శ్రీశైలం. "మహిత పుట్టిన్నాడు రంజాన్ పండుగ సేమియా గిన్నెల వదిలేసి వచ్చి నన్ను ఇంటికి పంపిండు. వాడు డ్యూటీల ఉన్నప్పుడు ప్యానెల్ ఖాళీగ ఉంటే ఎట్ల?"

అన్నపూర్ణ రిమోట్‌ను గుండెకు ఆనించుకుని నిటారుగా నిలబడింది.

"ఊఁ. చార్జ్ ఇయ్యి."

"ఏం చార్జ్?"

"నీకు ఒక్కనికేనా డ్యూటీ? చాయ్ పెట్టేది నేను, కిటికీ నాది, ఆపా నాది. చార్జ్ ఇయ్యి."

శ్రీశైలం కళ్లద్దాలు తీశాడు. సర్వీసులో జీఎం ముందు కూడా అంత నిటారుగా నిలబడలేదు.

"ఎదురింటి యూనిట్ రన్నింగ్. చాయ్ టైముకు సీరియల్. అజాఁకు సౌండ్ బంద్. సీరియల్ల అత్త ఏడుస్తుంటే చానెల్ మార్చు, ఆమెకు నచ్చదు. పని అయినంక ఎరుపు ఒత్తు. ఇందాక నేను మరిచిన, అందుకే నీకు మనది రాలే. తీసుకున్నవా?"

"తీసుకున్నాఆ!"

అన్నపూర్ణ ముందు ఎదురింటి గోల ఆపి సీరియల్ పెట్టింది. తర్వాత ఎరుపు నొక్కి, పసుపు నొక్కి, తన టీవీ తానే పెట్టింది. ఐదు స్పీకర్లలో డప్పులు మోగాయి. దేవుడి గూటి పక్క స్పీకరుకు గంట దానంతటదే ఊగింది. రెండో అంతస్తు బనియన్లు కింద పడ్డాయట. ఇది రాములు చెప్పింది. బక్కమ్మ గోడంత బక్కమ్మను చూసి, "అగో, బొట్టు వంకరైంది, ఒక్కలన్న చెప్పలే!" అని ఊరందరినీ తిట్టింది.

అంతలో అజాఁ మొదలైంది. అన్నపూర్ణ తన సౌండ్ తగ్గించి, వంటింటి కిటికీకి ఉరికి, నీలం నొక్కి, చెయ్యి చాచి, కంగారులో సౌండుకు బదులు చానెల్ నొక్కింది. ఎదురింట్లో మళ్లీ కుస్తీ. ముగ్గురూ గోడ చాటుకు నక్కారు.

అక్తరీ బేగం టీవీ వైపే చూస్తూ, దానికే చెబుతున్నట్టు, సందంతా వినబడేలా అంది.

"ఈ రోజు షిఫ్ట్ మారినట్టుంది. కొత్త ఆపరేటర్. కోయీ బాత్ నై, నేర్చుకుంటది. శ్రీశైలం భాయ్‌కి నేర్పనీకే నాకు నెల దినాలు పట్టింది."

శ్రీశైలం మొహం ఎమర్జెన్సీ బటన్ రంగుకు తిరిగింది. అన్నపూర్ణ నోట్లో కొంగు కుక్కుకుని, ఈసారి సరైన బటన్ మీద వేలు పెట్టింది. నొక్కబోయి ఆగింది. రోజూ విన్న మాట, తప్పుతుందా?

"ఏరియా క్లియర్?" అంది.

"క్లియర్!" అంది ఎదురు కిటికీ.