తెలియడం వేరు, తోయడం వేరు

ఇవాళ భోపాల్‌పట్నం సంతలో ఒక ముసలమ్మ పచ్చి మామిడికాయ తొడిమ విరిచింది. సొన చిమ్మింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నర్సయ్య గురూజీ గుర్తొచ్చారు. దేవుడి గురించి ఆయనతో వాదించినంతగా నేను ఏ వేదిక మీదా ఎవరితోనూ వాదించలేదు. ఆ వాదనలో నేను ఓడలేదు, గెలవనూ లేదు. నన్ను మార్చింది మాత్రం అదే.

వరంగల్‌లో చదువుకునే రోజుల్లో ఏ హేతువాద సభ జరిగినా ముందు వరుసలో ఉండేవాణ్ని. ఎదుటివాడి నోరు మూయించడమే వాదన అనుకునేవాణ్ని. ఆ వేడి చల్లారకముందే ఇంద్రావతి నదికి ఇవతల ఒక చిన్న ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది. నర్సయ్య గారు అక్కడ హెడ్‌మాస్టరు. ఇటువైపు పెద్ద పంతులును గురూజీ అనే పిలుస్తారు. ఆయన రోజూ బడి తలుపు తీసేముందు గడపకు దండం పెట్టేవారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు టీ కాచుకుంటున్నప్పుడు ఇక ఆగలేక అడిగేశాను. "గురూజీ, మీ దేవుడికి జరగబోయేదంతా తెలుసు గదా. రేపు నేను అబద్ధమాడతానని ఆయనకు ఇవాళే తెలిస్తే, రేపు నేను నిజం చెప్పే వీలుంటుందా? ఉండదు. వేరే వీలే లేని పనికి నన్ను శిక్షించడం ఏం న్యాయం?"

ఆయన నా గ్లాసు వైపు చూశారు. "నువ్విప్పుడు ఇంకో చెంచా చక్కెర ఏస్తవని నాకు తెలుసు తమ్మీ. ఏసేది నేనా? తెల్వడం ఏరే, తొయ్యడం ఏరే."

"మీరు పొరపాటు పడొచ్చు. నేను చక్కెర వేయకుండా మీ అంచనాను తప్పించగలను. దేవుడి అంచనాను తప్పించలేను గదా. తప్పించలేనప్పుడు నాకు స్వేచ్ఛ ఎక్కడిది?"

ఆయన నవ్వి, "గది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. చాయ్ సల్లారుతుంది, తాగు" అన్నారు. జవాబు లేదని ఒప్పుకున్న ప్రత్యర్థిని నేను అంతవరకూ చూసి ఉండలేదు. ఆ రోజు ఏం చేయాలో తోచక టీ తాగేశాను.

ఆ ఊళ్లో దోర్లా గిరిజన కుటుంబాలు ఎక్కువ. కొత్త మామిడికాయను ఊరి దేవతకు పెట్టి పండుగ చేసేదాకా ఎవరూ కాయ తెంపరు, తినరు. నేను దాన్ని మూఢత్వమని కొట్టిపారేస్తే గురూజీ ఒప్పుకోలేదు. "పండుగ దాక ఆగకుంటే పిందెలన్నీ నోట్లకే పోతయి. టెంక ముదరకపోతే రేపు మొలిచేదేంది?" అన్నారు.

ఆ వేసవిలో పండుగ ఇంకా రాకముందే లచ్చి అనే ఆమె ఒక కాయ తెంపింది. ఆమె కూతురు గంగి నోరు చేదుగా ఉందని గంజి కూడా ముట్టడం లేదు. పులుపు తగిలితేనైనా తింటుందని పచ్చికాయ, ఉప్పు నూరి నాకించింది. నోరు చేదయిందంటేనే జ్వరం అప్పటికే లోపల ఉన్నట్టు. కానీ పిల్ల వణకడం కాయ తిన్న తర్వాతే అందరికీ కనబడింది. దేవత పట్టుకుందన్నారు. తప్పు చేసినవాళ్లు పూజలో దేవత ముందు తప్పు ఒప్పుకునేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఆసుపత్రేమో పొలిమేర అవతల, ఆ పూజ మంగళవారం దాకా లేదు. దేవత తరఫున మాట చెప్పే పూజారిని వడ్డె అంటారు. ఆ వడ్డె కన్నయ్య, లచ్చికి స్వయానా మేనమామ. ఆయనకూ ఆ పిల్లంటే ప్రాణమే. అయినా కట్టుబాటు కట్టుబాటే.

సంగతి తెలిసి మేమిద్దరం వెళ్లేసరికి పిల్ల వాకిట్లో చాప మీద ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. "దేవతకు అన్నీ తెలుసు. బతికేది రాసి ఉంటే ఈడనే బతుకుద్ది" అన్నాడొక ముసలాయన. నా నోటికి అడ్డు లేకపోయింది. జ్వరం తెచ్చే దోమ గురించీ, వాళ్ల బుద్ధి గురించీ పెద్దగా అరిచి పిల్లను ఎత్తుకోబోయాను. గురూజీ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు తమ్మీ. నువ్వెత్తుకుంటే దొంగతనమయితది. తల్లి ఎత్తుకోవాలె."

నా మణికట్టు వదలకుండానే నన్నూ పక్కకు లాక్కుని ఆయన కన్నయ్య ఎదుట నేల మీద కూర్చున్నారు. "మామా, లచ్చి కాయ తెంపుతదని దేవతకు ముందే తెలుసా?"

"ఆమెకు తెల్వందేంది గురూజీ?"

"తెలిసి చెయ్యి పట్టుకొని ఆపిందా?"

"లే."

"మరి ఇయ్యాల లచ్చి బిడ్డను అస్పతాల్‌కు తీస్కపోతదో, ఇంట్లనే పండవెడతదో, గదీ తెలుసా?"

"తెలుసు."

"రెండిట్ల ఏది తెలుసో నీకు చెప్పిందా?"

వెనక ఎవరో, "గురూజీ కచేరీల వకీలు లెక్క అడుగుతున్నడు" అన్నారు. కొందరు నవ్వారు. కన్నయ్య నవ్వలేదు. పిల్ల వైపు చూస్తూ, "చెప్పలే" అన్నాడు.

"నాకు గూడ చెప్పలే." గురూజీ లచ్చి వైపు తిరిగారు. "ఇను బిడ్డా. పోయినవా, పోతవని ఆమెకు ముందే తెలుసు. ఉన్నవా, ఉంటవని ముందే తెలుసు. నువ్వేం చేసినా ఆమె ఎరిగినదానికి ఎదురు పోయినట్టు కాదు. ఇగ ఏం చేస్తవో నువ్వు చెప్పు."

అంతే, ఆపేశారు. పిల్ల పళ్లు టకటకమంటున్నాయి. లచ్చి కదలడం లేదు. నేను నోరు తెరవబోతే ఆయన పట్టు ఇంకా బిగిసింది. లచ్చి మేనమామ వైపు చూసింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆమె వంగి పిల్లను వీపున వేసుకుని గుడ్డతో గట్టిగా కట్టుకుంది.

"పోదాం పా సారూ" అంది నాతో.

"గాడి తియ్యి" అన్నారు గురూజీ, బయట ఉన్న నా మోటారు సైకిల్ చూపించి. "నేనీడనే ఉంట. ఎవరన్నా ఏమన్నా అంటే నన్ను అంటరు."

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే మలేరియా అని తేలింది. మంగళవారం దాకా ఆగి ఉంటే చేయడానికి ఏమీ మిగిలేది కాదని డాక్టరు హిందీలో తిట్టాడు. పిల్ల బతికింది. లచ్చి ఊరికి తిరిగొచ్చి నేరుగా దేవత దగ్గరకు కోడిపుంజును తీసుకెళ్లింది. నాకు మళ్లీ మండింది. మందుతో బతికిన పిల్లకు కోడి ఎందుకని దారికి అడ్డం పడి అడిగాను.

"కాయ నేనే తెంపిన. పొలిమేర నేనే దాటిన. తప్పు గూడ నేనే కడత" అంది లచ్చి. "నడిమిట్ల నీకేంది నొప్పి?"

పక్కనే ఉన్న గురూజీ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఆ నవ్వెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. దేవత చేయించిందనో, గురూజీ చెప్పారనో లచ్చి అనలేదు. చేసిన రెండు పనులూ తనవే అంది. స్వేచ్ఛ మీద నేను చేసిన ఏ ఉపన్యాసంలోనూ అంత తిన్నని మాట లేదు.

గురూజీ పోయేదాకా నమ్మారు. నేను ఇప్పటికీ నమ్మను. అన్నీ ముందే ఎరిగిన దేవుడూ, స్వేచ్ఛ గల మనిషీ ఒకే లోకంలో ఇమడరని నేటికీ రాస్తాను, ఆ వాక్యంలో ఒక్క అక్షరం తగ్గించను. కానీ నా అసలు పోరు దేవుడితో కాదని ఆ వాకిట్లోనే తెలిసింది. దేవుడికి తెలుసంటూ పక్కవాళ్ల చెయ్యి పట్టుకునే మనిషితో నా పోరు. నాకు తెలుసంటూ పక్కవాళ్లను తోసే మనిషితోనూ పోరే. ఆ రెండోవాడు చాలాసార్లు నేనే.

మొన్న దంతెవాడ దగ్గర ఒక ఇంటికి వెళ్లాను. కూతురికి నర్సింగులో సీటు వచ్చింది. తండ్రి, "రాసి పెట్టి ఉంటే పోతది, లేకుంటే లేదు" అన్నాడు. ఒకప్పుడైతే ఆయనను మాటలతో చీల్చి చెండాడేవాణ్ని. తలుపు దగ్గర నిలబడ్డ పిల్ల వైపు తిరిగి, "నువ్వేం చేస్తవమ్మా?" అని అడిగాను. తండ్రి జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. చెప్పడానికి నా దగ్గరా బోలెడు ఉంది. అదీ ఆపుకున్నాను. ఆ పిల్ల తనంతట తాను నోరు తెరిచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.