మెట్ల మీద ఇన్‌స్పెక్టర్

వీధిలో ఎవరైనా పాత స్కూటరుకు స్టాండు వేస్తే, ఆ చప్పుడుకు ఇప్పటికీ నా చెయ్యి చొక్కా పైగుండీ వెతుక్కుంటుంది. మల్లేశం సార్ వచ్చారనుకుంటాను. స్టేషన్‌లో ఆయన నాకు ఇన్‌స్పెక్టర్. రిటైరై ఉప్పల్‌లో స్థిరపడ్డాక, మాతో పనిచేసి మంచాన పడ్డవాళ్ళ, మందుకు అలవాటుపడ్డవాళ్ళ, ఒంటరిగా మిగిలిపోయినవాళ్ళ ఇళ్ళకు రోజూ తిరిగేవారు. ఎవరూ అప్పగించిన పని కాదు. తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ళ ముందు నేనూ హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. మర్నాడే సార్ వచ్చి, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, నడువు అన్నారు.

మొదట తీసుకెళ్ళింది మల్లాపూర్‌లో యాదగిరి ఇంటికి. మా స్టేషన్‌లోనే కానిస్టేబుల్‌గా చేశాడు. భార్య పోయి రెండు నెలలు. తిండి మానేశాడు, తనూ పోతానంటున్నాడని పక్కింటివాళ్ళు సార్‌కు కబురు పెట్టారు. నేనేం చేశాను? ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా! కూర్చోగానే మొదలుపెట్టాను: ఎప్పటినుంచి తినడం లేదు, ఇంటికి ఎవరెవరు వస్తున్నారు, ఆమెను దవాఖానకు ఎన్నింటికి తీసుకెళ్ళావు? యాదగిరి లేచి నిలబడ్డాడు. "నా మీద ఎంక్వైరీకి వచ్చినవా?" అని నాతోపాటు సార్‌నూ బయటికి పంపి తలుపేసుకున్నాడు.

సార్ నన్ను తిట్టలేదు. "బతుకంత అడిగినం గదా, ఇగ చాలు. ఈడ మన డ్యూటీ వినుడు" అన్నారు.

మర్నాడు వెళ్తే యాదగిరి తలుపు తీయలేదు. సార్ మెట్ల మీద పేపరు పరుచుకుని కూర్చున్నారు. మూడో రోజూ అంతే. ఎండకు నెత్తి మాడుతోంది, షిఫ్టు దిగిన ఫ్యాక్టరీవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. వాడికే లేనిది మనకెందుకు, పోదాం పదండి సార్ అన్నాను. "నువ్వు పో. వాడు తలుపు తీసేదాక నేను పోను" అన్నారు. సిగ్గేసి నేనూ కూర్చున్నాను.

ఆరో రోజు తలుపు తెరుచుకుంది. యాదగిరి కుర్చీ ఎత్తుకొచ్చాడు. సార్ అలా మెట్ల మీద కూర్చుంటే చూడలేనన్నాడు. కానిస్టేబుల్ ఎంత కుంగిపోయినా తన ఇన్‌స్పెక్టర్‌ను కింద కూర్చోనివ్వడని సార్‌కు ముందే తెలుసు. నాకు మాత్రం కుర్చీ రాలేదు, నిలబడే విన్నాను.

చాలాసేపటికి యాదగిరి తనంతట తానే మొదలుపెట్టాడు. చనిపోయే ముందు ఆమె వారం రోజులు నలతగా ఉందట. ఏమైందని రోజూ అడిగాడట. "ఏం లేదన్నది సార్. ఎంతమంది దొంగల అబద్ధం పట్టిన, నా పెండ్లాం అబద్ధం పట్టలేకపోయిన." నా నాలుక మీద పది ప్రశ్నలు. పళ్ళు బిగబట్టాను. సార్ వాడి చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నారు. వాడు ఏడ్చి ఏడ్చి, చివరికి ఆకలవుతోందన్నాడు. నేనే పరుగున పోయి ఇడ్లీ తెచ్చాను.

ఆ సాయంత్రం నాచారంలో మా ఇంట్లో, నా భార్య లక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. ఏం వండినవ్, ఎటు పోయినవ్ అని రోజూ అడిగేవి ఏవీ అడగలేదు. నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాను. ఈయనకేమైందన్నట్టు చూసింది. కాసేపటికి తల వంచుకునే చెప్పింది: "పది రోజులసంది ఛాతిల నొస్తున్నది."

ఎందుకు చెప్పలేదన్న మాట గొంతుదాకా వచ్చింది, మింగేశాను. "నువ్వడిగితే ఏం లేదనే అంటుంటి" అంది తనే.

మర్నాడు దవాఖానలో, సమయానికి తెచ్చారు అన్నాడు డాక్టరు. తెలంగాణ వచ్చిన ఏడాదే సార్ పోయారు. ఆయన తిరిగిన ఇళ్ళకు ఇప్పుడు నేనూ యాదగిరీ తిరుగుతున్నాం. ఇది రాస్తుంటే వంటింట్లో లక్ష్మి ఏదో గొణుగుతోంది. ఏందని అడగను. పోయి పక్కన కూర్చుంటాను.