మధ్యాహ్నం షిఫ్టులో ఆగిపోయే నెట్‌వర్క్

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక మే నెలలో, సీనియర్ నెట్‌వర్క్ టెక్నీషియన్ హోదాలో నన్ను నర్సీపట్నంలోని ఓ నర్సింగ్ హోంకు పంపారు. మధ్యాహ్నం షిఫ్టు మొదలయ్యాక లాబ్ కంప్యూటర్లు సర్వరును అందుకోవు, రిపోర్టులు డాక్టర్లకు చేరవు. ఇదీ ఫిర్యాదు. ఆ షిఫ్టులో లాబ్ టెక్నీషియన్ సత్యవతి, రావికమతం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. పొద్దుట రాని తప్పు ఈమె వచ్చాకే ఎందుకొస్తోందని పెద్ద డాక్టరుగారికి అనుమానం. సాయంత్రంలోగా సంగతి తేలకపోతే రేపటినుంచి పనికి రావద్దని ఆమెకు చెప్పేశారు.

"నేనేటీ ముట్టుకోలేదు సార్. అదొక్కటి తేల్చండి," అంది.

తేలేదాకా అక్కణ్ణుంచి కదలకూడదనుకున్నాను. నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ అంకెల చిరునామా ఒకటి ఉంటుంది. దాన్ని పంచే రౌటర్ ఒక్కటే ఉండాలి. సత్యవతి కంప్యూటరుకు వచ్చిన అంకెలు మా రౌటర్ ఇచ్చినవి కావు, అందుకే సర్వరు అందట్లేదు. అంటే ఇంకో రౌటర్ ఎక్కడో నక్కి ఉంది. భవనంలోని వైర్లన్నీ కలిసే స్విచ్ పెట్టె దగ్గర నిలబడి, ఒక్కో వైరూ పీకడం, లాబ్ కంప్యూటరు మళ్లీ ఆన్ చేయించడం. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి విసుక్కుని వెళ్లారు. తొమ్మిదో వైరు పీకాక సరైన అంకెలు వచ్చాయి. అది రోగుల బంధువులు కూర్చునే హాల్లోకి వెళ్లింది. అక్కడ బల్ల వెనక ఓ పాత రౌటర్, గోడ మీద సుద్దముక్కతో రాసిన పాస్‌వర్డ్.

పెట్టింది అటెండర్ అప్పలస్వామిగారు. ఆయన డ్యూటీ కూడా మధ్యాహ్నమే. రాగానే దాని స్విచ్చి వేసేవారు.

"ఏజెన్సీ కొండల నుంచి వచ్చినోళ్ల ఫోన్లలో నెట్టుండదు బాబూ. బిడ్డ పుడితే ఇంటోళ్లకి సూపించుకోవద్దా? మా ఇంట్లో ఊరికే పడుందని తెచ్చినాను," అన్నారు.

దాహమన్నవాళ్లకు మంచినీళ్లిచ్చినట్టు అడిగినవాళ్లందరికీ పాస్‌వర్డ్ ఇచ్చారాయన. కానీ రౌటర్ వెనక బయటి లైనుకు కేటాయించిన పోర్టులో గుచ్చాల్సిన వైరును, కంప్యూటర్లకు లైనిచ్చే పోర్టులో పెట్టారు. దాంతో ఆ రౌటర్ లాబ్‌కు కూడా చిరునామాలు పంచసాగింది. అదే వరస చిరునామా అందుకున్న హాల్లోని ఏ ఫోనైనా లాబ్ కంప్యూటర్లలోని రిపోర్టుల దాకా వెళ్లగలిగేది.

నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. వైర్లు కలిసే ఆ స్విచ్ పెట్టె బిగించింది నేనే. వాడని పోర్టులను సెట్టింగుల్లో మూసి రావాలన్నది కుర్రాళ్లకు నేను నేర్పే మొదటి పాఠం. దాన్ని బిగించిన రోజు బస్సు టైమైందని, హాలు వైపు ఖాళీ పోర్టును అలాగే వదిలేశాను.

ఖాళీ పోర్టులన్నీ మూసేశాను. డాక్టరుగారి అనుమతితో హాలుకు, లాబ్ వైపు దారి లేకుండా, విడిగా లైనిచ్చాను. అప్పలస్వామిగారి రౌటర్‌లో పాత పాస్‌వర్డులన్నీ మార్చి, సరైన పోర్టులో వైరు పెట్టి అక్కడే ఉంచాను.

సర్వీసు రిపోర్టులో బాధ్యులెవరన్న గడి ఒకటి ఉంటుంది. అప్పలస్వామిగారు నా పెన్ను వైపే చూస్తున్నారు. ఆ గడిలో నా పేరు రాసి డాక్టరుగారి చేత సంతకం పెట్టించాను. వారంలో నాకు మెమో వచ్చింది. సత్యవతి మాత్రం రిపోర్టు రాసిన మర్నాడే మధ్యాహ్నం మామూలుగానే డ్యూటీకి వచ్చింది.

పని పూర్తయిందని సంతకం చేసే ముందు, వాడే పోర్టులతో పాటు వాడనివీ చూసుకోవాలి. చూసుకోకపోతే ఆ తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో మన చేతుల్లో ఉండదు.