రోకలి ఎస్సెల్లార్, గొడుగు ఇన్సాస్

మొన్న మా మేనమామను వసైలో కళ్ళ డాక్టరుకు చూపిద్దామని భివండి రోడ్ స్టేషన్‌కు ఆటోలో తీసుకెళ్ళాను. ఆ స్టేషన్‌లో రైళ్ళు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. మేం బెంచీ మీద కూర్చున్నాక ఇద్దరు రైల్వే పోలీసులు మా ముందు నుంచి నడిచి వెళ్ళారు. పెద్దాయన భుజానికి కర్ర మడమ ఉన్న పాత పొడుగు తుపాకి, రెండో అతని భుజానికి ప్లాస్టిక్ మడమ ఉన్న పొట్టి తుపాకి. పేపర్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయని డాక్టరు దగ్గరికి బయలుదేరిన మనిషి ఆ రెంటినీ అంత దూరం నుంచే పోల్చుకున్నాడు. "అగో, ఎస్సెల్లార్. ఇంకా కొలువుల్నే ఉన్నది," అన్నాడు, పాత చుట్టం ఎదురైనంత సంబరంగా.

మామ ఒకప్పుడు మిలిటరీలో సిపాయి. పెన్షను రాకముందే ఇంటి కష్టాలకు ఆ కొలువు వదిలేసి, ఊళ్ళో పని దొరక్క, మా అమ్మ వెనకాలే భివండిలోని కామత్‌ఘర్ వచ్చాడు. మాది అక్కడ కిరాణా దుకాణం, ఆయనది సాంచల కార్ఖానాలో కూలి. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. సాంచలు బందుండే శుక్రవారం మామా అత్తా మా ఇంటికి వచ్చేవాళ్ళు. అన్నం తిన్నాక ఏ ముచ్చట మొదలుపెట్టినా అది తుపాకుల దగ్గరికే చేరేది. పొడుగు తుపాకి ఎస్సెల్లార్ కావాలంటే మామ మా అమ్మ రోకలి తెచ్చుకునేవాడు, పొట్టిదైన ఇన్సాస్‌కు మూలనున్న గొడుగు. "ఏందిరా తమ్మీ, కారం దంచే రోకలి భుజానికెత్తుతవ్, అంగి సూడు," అని అమ్మ విసుక్కునేది. నిజంగానే ఆయన తెల్ల చొక్కా భుజం మీద ఎర్రటి మరక ఉండేది. ఆయనకు పట్టింపు లేదు.

"ఎస్సెల్లార్‌కు బరువే బలం," అనేవాడు రోకలి భుజానికి ఆనించి. "నిండు బిందె సంకనెత్తుకుంటే నడక నెమ్మదైతది సూడు, గట్ల. గురి పట్టినంక కదలది. కని కాలిస్తే భుజాన్ని ఎనుకకు నూకుతది." తర్వాత గొడుగు అందుకుని, "గిది మోసుటానికి సుఖం. గుండు చిన్నది, దెబ్బ అంత తెల్వది. మాగ్జీన్ల గుండ్లు బయటికే కనవడుతయ్. ఒక్కసారి నొక్కితే మూడు పోయేటట్టు సుత పెట్టుకోవచ్చు. కని చెయ్యి వణికితే దాచిపెట్టది," అనేవాడు. మరి ఏది మంచిదని అడిగితే కొండ ఎక్కేటప్పుడు ఇన్సాస్, గురి చూసేటప్పుడు ఎస్సెల్లార్ అని తీర్పు చెప్పేవాడు. "గీ ముచ్చట్లకు ఎవడన్న ఖోలీ ఇస్తడా?" అని అత్త మధ్యలో అందుకునేది.

అత్త బాధ ఉత్తది కాదు. వాళ్ళుండే ఒంటిగది ఖోలీ యజమాని ఆ కప్పు మీద ఇంకో అంతస్తు లేపాలనుకున్నాడు. రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, గది వదిలిపెట్టమని "ఖాలీ కర్" అనే ఒక్క మాట అని వెళ్ళేవాడు. సరిగ్గా అప్పుడే ఒక గోదాముకు తుపాకి గార్డు కావాలని తెలిసింది. ఆ కొలువుతోపాటు ఉండటానికి గది కూడా ఇస్తారు. అత్త చొక్కా మీది కారం మరక పోయేదాకా ఉతికి, ఇస్త్రీ చేయించి పంపింది.

పరీక్ష పెట్టినాయన కూడా మాజీ సిపాయే. ఎస్సెల్లార్ మంచిదా, ఇన్సాసా అని ఆయనే అడిగాడట. ఇంక మామకు పట్టపగ్గాల్లేవు. ఇద్దరూ చాయ్ చల్లారేదాకా మాట్లాడుకున్నారట. తర్వాత ఆయన ఆఫీసులోని రెండు గొట్టాల తుపాకి చేతికిచ్చి, మిలిటరీ పద్ధతిలో "భర్" అన్నాడు. మామ గుండ్లు నింపాడు. "ఖాలీ కర్" అన్నాడు. గుండ్లు తీసేయమని దాని అర్థం. మామ తుపాకిని బల్ల మీద పెట్టి, సెల్యూట్ కొట్టి, గది ఖాలీ చేసి బయటికి వచ్చేశాడు.

షేర్ ఆటోలో సగం దూరం వచ్చాక గానీ ఆ మాట తుపాకి గురించని ఆయనకు తెలియలేదు. నేరుగా మా దుకాణానికే వచ్చాడు. "కొలువు లేదు పొమ్మన్నడనుకున్ననే అక్కా," అన్నాడు. అమ్మ, అత్త ముందు పడీపడీ నవ్వారు. నవ్వుతూనే అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మళ్ళీ పోయి చెప్పుకోరాదా అని అమ్మ బతిమాలింది. "నిండు తుపాకి బల్ల మీద ఇడిసిపెట్టి అచ్చినక్కా. గసోంటోనికి నేనైతే ఇయ్య," అన్నాడు మామ. మర్నాడు సాంచల మీదికే పోయాడు. నాకు ఆ రోజు ఖోలీ యజమాని మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. ఒక మనిషి నుంచి మాటను కూడా గుంజుకోవచ్చని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఎన్ని గదులు మారారో. ఇప్పుడు టెంఘర్‌లో వాళ్ళకు సొంత ఖోలీ ఉంది, చిన్నదే. స్టేషన్‌లో ఇవన్నీ తలుచుకుంటూ ఉండగానే ఆ పెద్ద పోలీసాయన వెనక్కి వచ్చి, పక్క బెంచీ నిండా బట్టల మూటలు పెట్టినవాళ్ళను "ఖాలీ కరో" అని గట్టిగా కసిరాడు. నేను ఉలిక్కిపడి మామ వైపు చూశాను. ఆయన లేవలేదు. ఒళ్ళో ఉన్న గొడుగు మీద ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి జరిగి, లేని గుండును బయటికి లాగింది. ఇన్నేళ్ళకు కాలం ఆయన మాటను ఆయనకు తిరిగిచ్చింది, ఆ మాటతో కొలువు అడిగే వయసును మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.