టచింగ్ చెరిపిన రోజు

2003 నాటికి బందరులో నా స్టూడియో నడుస్తూనే ఉంది గానీ, బ్లాక్ అండ్ వైట్ పని కొనఊపిరితో ఉంది. అందరూ కలర్ ల్యాబ్‌కే వెళ్తున్నారు. ప్రింటు వేసే పేపరు ఇక రాదని విజయవాడ షాపువాళ్లు చెప్పేశారు. నా దగ్గర రెండే షీట్లు మిగిలాయి, అవీ పాతవి.

అప్పుడే గిలకలదిండి నుంచి నాగమణి అనే ఆవిడ వచ్చింది. చేపల వేటకెళ్లిన భర్త ఆర్నెల్ల కిందట సముద్రంలో పోయాడట. పెళ్లికి ముందు, సంబంధాలకు పంపడానికి అతను నా దగ్గర దిగిన ఫొటో తెచ్చింది. ఆయనది ఇదొక్కటే ఉందట.

"ఇందులో చెంప మీద మచ్చ లేదండి. గేలం గీరింది. అది పెట్టివ్వాలి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మచ్చలు, ముడతలు కనబడకుండా నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీయడాన్ని టచింగ్ అంటాం. నా టచింగ్ కోసం గుడివాడ నుంచి కూడా వచ్చేవారు మరి!

"ఇంత బాగా తీసేస్తే మళ్లీ కావాలంటావేంటమ్మా?"

"మా పాపకి రెండేళ్లండి. వాళ్ల నాన్న ఒళ్లో కూర్చుని ఆ మచ్చే నిమిరేది. ఈ ఫొటో చూపిస్తే ఎవరోలే అన్నట్టు మొహం తిప్పేసుకుంటంది. ఇంకొన్నాళ్లు పోతే అసలు మర్చిపోద్ది. కంప్యూటర్లో గీస్తామన్నారు గానీ, ఆళ్లు గీసింది ఆయన మచ్చెట్టా అవుద్దండీ?"

నాకు సిగ్గేసింది.

నెగెటివ్ వెతికి తీశాను. టర్పెంటైన్‌లో ముంచిన దూదితో నా గీతలు తుడవాలి. పాత ఫిల్ము, పైపొర గీసుకుపోతే అంతే సంగతులు. "దేవుడా, చెయ్యి వణక్కుండా చూడు" అనుకుంటూ నెమ్మదిగా తుడిచాను. ప్రింటు వేస్తే, పాత పేపరు కదా, మొదటి షీటు నల్లబడిపోయింది. రెండోది డెవలపర్‌లో, అంటే బొమ్మ తేల్చే మందునీళ్లలో, వేశాను. కళ్లు, మీసం, ఆ తర్వాత చెంప మీద వంకర మచ్చ. హమ్మయ్య!

మర్నాడు నాగమణి పాపను ఎత్తుకొచ్చింది. ప్రింటు చూపించగానే ఆ పిల్ల వేలు సరాసరి మచ్చ మీదకే వెళ్లింది. నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయాను.

నేను వేసిన చివరి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు అదే. ఇప్పుడు నేనూ కంప్యూటర్ మీదే చేస్తున్నాను. మచ్చ తీయడం నిమిషం పని. అయినా ముందు అడుగుతాను, "ఉంచమంటారా, తీసేయమంటారా?" అని. చాలామంది తీసేయమనే అంటారు, తీసేస్తాను. మచ్చ తీయని ఫొటోను మాత్రం ఇంకోచోట దాచిపెడతాను. ఎవరైనా వచ్చి అడిగితే, లేదని చెప్పకూడదు.