నేను చెరపని సున్నా

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. పనీపాటా లేనివాళ్ల కాలక్షేపం అనుకునేదాన్ని. ఇప్పటికీ దెయ్యం అని నేను అనను. జరిగింది మాత్రం చెబుతాను.

హిందీవాళ్ల ఊరు గోవింద్‌పూర్‌లో లారీ విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులో నా పని. ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే, కంప్యూటర్‌తో నడిచే లేత్ మెషిన్లకు ప్రోగ్రాములు రాస్తాను. రాయడమంటే పెద్ద విద్యేం కాదు. పాత ముక్కకు రాసిన ఫైలు కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కొత్త ముక్కకు తగ్గట్టు అంకెలు మార్చడమే.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఊరికే చూడడానికి తెరిచిన ఫైలు మూసేటప్పుడు, మార్పులు సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే వద్దనాలి. చెయ్యి తగిలి ఏ అక్షరమో పడి ఉంటుందని వర్క్‌షాపు యజమాని, మా మాలిక్ భయం. నా వేలు ఆలోచించకుండానే వద్దు నొక్కేస్తుంది.

ఆ మధ్యాహ్నం లేత్ దగ్గర మా తమ్ముడు సంతోష్ ఉన్నాడు. వాడికి ఆ పని ఇప్పించింది నేనే. "ఆడిని నీకే ఒగ్గేత్తన్నానమ్మీ, జాగర్తగా సూసుకో," అంది అమ్మ. ఆ మెషిన్ తలుపు లాక్ చెడిపోయి, తెరిచే నడుపుతున్నారు. లోపల తిరగాల్సింది ఇద్దరు పట్టి ఎత్తిన ఇనుప చక్రం.

ఫైలు పొద్దున్నే తయారుచేశాను. మెషిన్‌కి పంపే ముందు పైపైన ఓసారి చూసి, ఏమీ మార్చకుండా మూయబోయాను. సేవ్ చేయాలా అని అడిగింది. వద్దన్నాను. అనుమానం వచ్చి మళ్లీ తెరిచి, ఏదీ ముట్టుకోకుండా మూశాను. మళ్లీ అడిగింది. మళ్లీ వద్దన్నాను.

మాలిక్ కోప్పడుతున్నాడు, పంపమని సంతోష్ మెషిన్ దగ్గర నుంచి వాడికి అలవాటైన హిందీలో కేకేశాడు. "దీదీ, భేజో నా. మాలిక్ గుస్సా కర్ రహే హై."

"ఉండరా, పంపుతన్నాను. ఏటి తొందర?"

కీబోర్డు పాడైందనుకుని దాని వైరు పీకేశాను. ఒక్క మౌసుతోనే ఫైలు తెరిచి మూశాను. మూడోసారీ అడిగింది. అప్పుడు మాత్రం భయం వేసింది.

ఈసారి క్యాన్సిల్ నొక్కి, ఒక్కో వరుసా చదివాను. వేగం రాసే వరుసలో 250 అని ఉంది, పక్కన కర్సర్ మినుకుమంటోంది. సరైన అంకే. మరి మారిందేమిటి? చివరి మార్పును వెనక్కి తిప్పే అన్‌డూని మౌసుతో నొక్కాను. చివర ఇంకో సున్నా వచ్చి కూర్చుంది. 2500.

అది పాత చిన్న ముక్క వేగం. కాపీ చేసినప్పుడు మార్చడం మరిచిపోయాను. సేవ్ అయి ఉన్న ఫైల్లో ఉన్నది అదే. ఆ వేగంతో తిప్పితే చక్రం పట్టు వదిలించుకుని, తెరిచిన తలుపులోంచి నేరుగా వాడి గుండెల మీదికి వచ్చేది.

రీడూ నొక్కాను. సున్నా పోయింది. సేవ్ చేసి పంపాను. చక్రం నెమ్మదిగా తిరిగింది. వాడు ఈల వేసుకుంటూ పని చేసుకున్నాడు. నేను బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను.

కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి వైరస్ చూశాడు, నెట్‌వర్క్ చూశాడు, ఏమీ లేదన్నాడు. తలుపు లాక్ బాగుచేయించేదాకా మాలిక్‌ని నేను బతకనివ్వలేదు. సంతోష్‌కి చెబితే, నేనే చెరిపి మరిచిపోయి ఉంటానని నవ్వాడు. "తూనే హీ మిటాయా హోగా దీదీ, భూల్ గయీ."

నేను చెరపలేదు. కీబోర్డు వైరు నా ఒళ్లోనే ఉంది. మరి ఎవరు చెరిపారో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఒక్కటి మాత్రం తలుచుకుంటే నిద్ర పట్టదు. మూడోసారి కూడా వద్దని ఉంటే, నాలుగోసారి అడిగేదో లేదో.