కాశిం భాయ్ అతుకు

కాశిం భాయ్ వేసిన అతుకు కారిందని కిరీటి పదిమంది ముందు అన్నాడు. 2003 మే నెలాఖరు, ఆటోనగర్‌లో జక్కయ్య గారి రేడియేటర్ల షెడ్డు, పట్టపగలు. ముగ్గురు లారీ ఓనర్లు, ఇద్దరు డ్రైవర్లు, షెడ్డు యజమాని జక్కయ్య, అందరూ విన్నారు. రేడియేటర్ పనివాణ్ణి తాగుతాడని అనొచ్చు, పొద్దెక్కి వస్తాడని అనొచ్చు, నోరు మంచిది కాదని అనొచ్చు. అతుకు కారుతుందని మాత్రం అనకూడదు. ఇరవై రెండేళ్లలో కాశిం గురించి ఆ మాట అన్నవాడు లేడు. ఇప్పుడు అన్నవాడికి లారీ లేదు, కనీసం మోపెడ్ లేదు. చేతిలో తడిసి చచ్చిపోయిన కంప్యూటర్ బోర్డు ఒకటి ఉంది.

కిరీటి కంకిపాడు రైతు వెంకటప్పయ్య కొడుకు. డిగ్రీ మూడో ఏడు మధ్యలో వదిలేశాడు. కాలేజీలో చెప్పేదానికన్నా ఏలూరు రోడ్డు మీద పాత పుస్తకాల కొట్లలో దొరికేదే ఎక్కువని అతని నమ్మకం. ఆ నమ్మకం అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టలేదు. పటమటలో మేడ మీద రేకుల గది అద్దెకు తీసుకుని, ఒక కంప్యూటర్ కూర్పించుకుని, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. స్టూడియో శౌరయ్య క్యాసెట్లు పంపేవాడు. తలంబ్రాల మీద గులాబీలు రాల్చడం, అప్పగింతల్లో పెళ్లికూతురి కన్నీటిని గుండె ఆకారంలో చూపించడం కిరీటి పని. చేస్తున్నంతసేపూ లోపల తిట్టుకునేవాడు. అయినా ఆ యంత్రమంటే అతనికి ప్రాణం.

చిక్కంతా ఎండతో వచ్చింది. ఆ ఏడు బెజవాడ ఎండ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మధ్యాహ్నం రేకుల కింద గది అట్లపెనంలా ఉండేది. మిక్సింగ్ అయ్యాక వీడియోనంతా ఒక ముక్కగా కట్టడానికి కంప్యూటర్‌కి ఏడెనిమిది గంటలు పట్టేది. ఐదో గంటకల్లా లోపలి ప్రాసెసర్ కాగిపోయి, యంత్రం చప్పున ఆగిపోయేది. పని మళ్లీ మొదటికి. కంప్యూటర్ పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను పెట్టాడు, కిటికీకి తడి తువ్వాలు కట్టాడు. లాభం లేకపోయింది.

ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికితే, ఎక్కడో మంచు కురిసే దేశాల్లో కుర్రాళ్లు ప్రాసెసర్ మీద రాగి దిమ్మ బిగించి, అందులోంచి నీళ్లు పారించి చల్లబరుస్తున్నారని తెలిసింది. నీళ్లు తెచ్చిన వేడిని కారు రేడియేటర్‌లో వదిలిస్తున్నారట. మంచులో ఉండేవాళ్లకి ఈ ముచ్చటేమిటో అనుకుంటూనే ఆ కాగితాలు ప్రింటు తీయించుకుని ఆటోనగర్ వెళ్లాడు. రెండు షెడ్లలో నవ్వి పంపారు. మూడోది జక్కయ్యది.

కాశింకి అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఆసిడ్ చుక్కలు పడి జల్లెడైన బనీను. కళ్లజోడుకి ఒక కాడ విరిగితే, రాగి తీగ వంచి తనే అతికించుకున్నాడు. అతుకు వేస్తుంటే లేచే నవాసాగరం పొగలోంచి తలెత్తి ఆ కాగితాలు చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మలు అర్థమయ్యాయి. ఎంత వేడెక్కుద్ది అని అడిగాడు. ఎనభై డిగ్రీలు అన్నాడు కిరీటి.

"అంతేనా. సీలేరు ఘాట్ ఎక్కే లారీ ఇంతకన్నా కాగుద్ది. వేడి వేడే బాబూ, లారీదైతే ఒకటీ కంప్యూటర్‌దైతే ఒకటీనా."

ఆ మాటతో కిరీటికి ఒక మనిషి దొరికాడు.

పాత సామాను గుట్టలోంచి కాశిం ఒక మారుతి కారు హీటర్ తీశాడు. అరచేతులు రెండు కలిపినంత రేడియేటర్. బెజవాడలో కారు హీటర్ ఆన్ చేసినవాడు పుట్టలేదు కాబట్టి ఇది కొత్తదాని కిందే లెక్కని నవ్వాడు. ట్రాన్స్‌ఫార్మర్ తుక్కులోంచి రాగి పట్టీ ఏరి, అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, తన మీసం అందులో కనపడేదాకా రెండు రోజులు రుద్దాడు. దాని మీద చిన్న రాగి పెట్టె అతికి, నీళ్లు రావడానికొక గొట్టం, పోవడానికొక గొట్టం పెట్టాడు. గది కూలర్‌లో ఉండే చిన్న మోటారు, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు పైపు, ఒక పెయింట్ బకెట్ కిరీటి తెచ్చాడు. కుళాయి నీళ్లు పోస్తే సున్నం పడుతుందని బ్యాటరీ కొట్లో డిస్టిల్డ్ వాటర్ కొనిపించాడు కాశిం.

అన్నిటికన్నా ముఖ్యమైనది తొట్టి. షెడ్డు ముందు సిమెంటు తొట్టిలో ఎప్పుడూ నిండా నీళ్లుండేవి. చేసిన రేడియేటర్‌కి బెజ్జాలన్నీ బిగించి, లోపలికి గాలి కొట్టి, అందులో ముంచేవాళ్లు. సొంతదారు స్టూలు మీద కూర్చుని బీడీ వెలిగించాలి. అది అయిపోయేలోపు నీళ్లలో ఒక్క బుడగ రాకపోతే అతుకు గట్టిదని లెక్క. సొంతదారు కూర్చోకుండా ముంచితే ఎన్నిసార్లు ముంచినా లెక్కలోకి రాదు. కిరీటికి బీడీ అలవాటు లేదు. కాశిం టీ తెప్పించాడు.

"నిదానంగా తాగు. నన్ను కాదు, నీళ్లని చూడు."

కిరీటి చల్లారేదాకా తాగాడు. బుడగ రాలేదు.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక కాశిం పటమట వచ్చి, కంప్యూటర్ ముట్టుకోకుండా ముందు అన్నీ బయట పరిచాడు. బకెట్‌లో బట్టల నీలిమందు వేశాడు. ఎక్కడన్నా కారితే మరక చెప్తుందన్నాడు. కింద దినపత్రిక పరిచి ఒక పగలూ రాత్రీ మోటారు తిప్పారు. కాగితం మీద చుక్క లేదు. అప్పుడు బిగించారు.

తెర మీద ఎనభై దగ్గర గుడ్లురిమే వేడి అంకె యాభై దాటలేదు. కిరీటి అంకెలు చూస్తుంటే, కాశిం రెండు పైపులూ వేళ్లతో పట్టుకుని, పోయేది వెచ్చగా, వచ్చేది చల్లగా ఉందని చెప్పి, ఇక చాలన్నాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు. కిరీటి జీవితంలో బాగున్న రోజులేవంటే అవే. ఫ్యాన్ల గోల పోయింది. కళ్లు మూసుకుంటే కంకిపాడు దగ్గర తూము పక్కన కూర్చున్నట్టు, నీళ్లు పారుతున్న చిన్న చప్పుడు. నీలం నీళ్లు పైపుల్లో తిరుగుతుంటే మేడ కింద ఇంటివాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. షెడ్డు మూశాక కాశిం మూడుసార్లు ఊరికే వచ్చాడు. మజ్జిగ తాగుతూ, ఆ మంచు దేశాల కుర్రాళ్లు ఏం రాశారో చదివించుకుని వినేవాడు. ఒకడి దిమ్మ కారి కంప్యూటర్ పోయిందని చదివితే జాలిపడ్డాడు.

"వాళ్లకి తొట్టి లేదు కాబోలు. మనది ఫోటో తీసి పంపు బాబూ. కింద నా పేరు రాయి."

తప్పకుండా పంపుతానన్నాడు కిరీటి. పంపలేదు.

పన్నెండో రోజు మబ్బు పట్టింది. గాలి లేదు, చొక్కా ఒంటికి అంటుకుపోయే ఉక్కపోత. సాయంత్రానికి శౌరయ్యకి ఒక పెళ్లి అప్పజెప్పాలి. బకెట్‌లో నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి. ఐసు బండివాడు వీధిలో పోతుంటే కిరీటికి గొప్ప ఆలోచన వచ్చింది. పెద్ద గడ్డ కొని, ముక్కలు చేసి, బకెట్‌లో వేశాడు. అంకె ఇరవైల్లోకి దిగింది. తనంత తెలివైనవాడు పటమటలో లేడనుకుంటూ భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది, కాలిన వాసన. రాగి దిమ్మ నిండా నీటి బొట్లు. బోర్డు తడిసి ఉంది.

బోర్డూ, దిమ్మా సంచిలో వేసుకుని సిటీ బస్సెక్కి నేరుగా షెడ్డుకి పోయి ఆ మాట అన్నాడు. శౌరయ్యకి ఏం చెప్పాలో తెలియని భయం, ఆ గులాబీల పని మీద అన్నేళ్లుగా దాచుకున్న కోపం, అన్నీ కలిసి ఆ ఒక్క మనిషి మీద పడ్డాయి.

కాశిం బోర్డు తీసుకుని తెల్ల గుడ్డతో తుడిచాడు. గుడ్డని చాలాసేపు చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీళ్లలో ఏమన్నా వేశావా బాబూ?"

లారీ ఓనర్లు కిరీటి మొహంలోకి చూస్తున్నారు. ఐసు వేశానంటే నవ్వుతారనిపించింది.

"ఏం వెయ్యలేదు."

"అయితే కూర్చో. తొట్టిలో ముంచుతా. టీ తాగేంతసేపు."

"ఇంకా చూసేదేముంది. పోయిందిగా." దిమ్మని బల్ల మీద పడేసి కిరీటి బయటికి వచ్చేశాడు. వెనక జక్కయ్య గొంతు వినిపించింది, ఏవయ్యా కాశిం, ఓనర్ల ముందు ఏంటయ్యా ఇది, అని.

పటమట సెంటర్‌లో దిగి సోడా కొట్టు దగ్గర ఐసు వేసిన నిమ్మసోడా తీసుకున్నాడు. రెండు గుక్కలు తాగేలోపు గ్లాసు బయటంతా చెమటపట్టింది. బొట్లు జారి అతని చొక్కా మీద పడ్డాయి. కిరీటి ఆ తడి వంక చూశాడు. లోపల సోడా ఏ రంగులో ఉన్నా, చొక్కా మీద పడింది గాలిలోంచి గ్లాసుకి పట్టిన మంచినీళ్లే. రంగు లేదు. బకెట్‌లో నీళ్లు నీలం. బోర్డు మీద ఒక్క నీలి మరక లేదు. కాశిం గుడ్డలో చూసింది అదే.

వెంటనే ఆటో ఎక్కితే పావుగంట. ఎక్కలేదు. రేపు వెళ్దామనుకున్నాడు. రేపటికి సిగ్గు ఇంకాస్త బరువెక్కింది. వారం పోయాక అది మొయ్యలేనంత అయింది. పుస్తకాల్లో మనుషుల పిరికితనం గురించి చదివినప్పుడల్లా మార్జిన్‌లో గీతలు గీసినవాడు, తనది మాత్రం చదవకుండా పేజీ తిప్పేశాడు.

ఆటోనగర్‌లో మాట తొందరగా పాకుతుంది. ఇది కాశిం చేతిదైతే వద్దని ఒక ఓనర్ అన్నాడట. మరొకడు అన్నాడట. జక్కయ్య అతన్ని అతుకుల నుంచి తప్పించి, పాత రేడియేటర్లు కడిగే పనిలో పెట్టాడు. రెండేళ్లు కడిగి, 2005లో కాశిం మానేశాడు. కిరీటి అప్పటికి గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో టైపు కొడుతున్నాడు. కొత్త కంప్యూటర్ కొన్నాడు గానీ అందులో నీళ్ల చప్పుడు లేదు.

కాశిం ఎక్కడికో పోలేదు. కంకిపాడులోనే, బస్టాండ్ దాటాక రోడ్డు పక్కన, పొలాలకు మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. ఇంటికి వెళ్లే ప్రతిసారీ కిరీటి బస్సులో అవతలి వైపు సీటు వెతుక్కునేవాడు. అలా నాలుగేళ్లు.

2009 వేసవిలో ఒకరోజు బస్సంతా కిక్కిరిసి ఉంది. నిలబడ్డ చోటునుంచి కొట్టు నేరుగా కనపడింది. కాశిం ఒక్కడే వంగి ఏదో అతుకుతున్నాడు. కళ్లజోడుకి ఇప్పుడు రెండు కాడలూ రాగి తీగలే. కిరీటి దిగిపోయాడు. వాళ్లు కలవడం అదే ఆఖరు. ఆ చలికాలంలోనే కాశిం పోయాడు.

కాశిం గుర్తుపట్టి స్టూలు జరిపాడు. కంప్యూటర్ ఎలా ఉందని అడిగాడు. కిరీటి గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు, ఐసు సంగతి, సోడా గ్లాసు సంగతి, ఆ రోజే తెలిసీ రాని సంగతి. కాశిం పని ఆపకుండా విన్నాడు. చెప్పడం అయ్యాక లేచి, మూల ఉన్న రేకు డబ్బాలోంచి ఆ రాగి దిమ్మ తీశాడు. నల్లబడింది. తడి గుడ్డతో తుడిస్తే అడుగున ఇంకా మొహం కనపడుతోంది.

కొట్టు ముందు బకెట్ నిండా నీళ్లున్నాయి. కిరీటి స్టూలు దాని దగ్గరికి లాక్కున్నాడు.

"ముంచు భాయ్. కూర్చుంటా."

కాశిం తల అడ్డంగా ఊపి, దిమ్మని అతని చేతిలో పెట్టాడు.

"ఇక్కడ ఎవరు చూస్తారు బాబూ? ఆటోనగర్ తీసుకెళ్లు. జక్కయ్య ఉన్నాడు, ఆ తొట్టి కూడా ఉంది. నలుగురు ఓనర్లు ఉన్నప్పుడు చూసి వెళ్లు. గాలి కొట్టించి ముంచమను. నువ్వు స్టూలు మీద కూర్చో, టీ నిదానంగా తాగు. నేను రాను. నాకు తెలుసుగా."